ఇసుక పిట్టల దారి

అనగా అనగా, వాన అంటే ఎలా ఉంటుందని పసిపిల్లలు అడిగే దేశం ఒకటుండేది. ఆ దేశంలో ఎటు చూసినా ఇసుకే. ఆ ఇసుక నడుమ, ఏ రాక్షసుడో గొడ్డలితో నరికినట్టు, లోతైన లోయ ఒకటి. లోయకు రెండు పక్కలా ఎర్రరాతి గోడలు. అడుగున నిలబడి తల ఎత్తితే ఆకాశం పంచె అంచులా సన్నగా కనబడేది.

ఆ రాతి గోడలో గుహలు తొలిచి, కొందరు సన్యాసినులు ఆరామం కట్టుకున్నారు. లోయలో మేకలు మేపుకునే వాళ్లకు, ఎడారి దాటే ఒంటెల బిడారులకు, దారి తప్పిన బాటసారులకు అదే నీడ. అవే నీళ్లు.

నీళ్ల సంగతి ముందే చెప్పాలి. అది తెలియకపోతే ఈ కథ తెలియదు.

ఆరామం కింద, రాతిలో తొలిచిన నీటి గదులు రెండున్నాయి. మొదటి గదిలో నీళ్లు రోజూ వాడుకునేవి. రెండో గదికి రాతి తలుపు, తలుపుకు లక్క ముద్ర. ఆ గదిలోవి దారి నీళ్లు. వానలు పడక మొదటి గది అడుగంటిన ఏడు, ఆ నీళ్లు తోలు తిత్తుల్లో నింపుకొని, అందరూ ఎడారి దాటి, దూరాన ఉన్న ఏటి ఒడ్డుకు చేరుకోవాలి. దారిలో మరో చుక్క దొరకదు. దారి నీళ్లు ముందే తాగేస్తే ఇక దారి లేదు.

మరి మామూలు ఏడు ఆ ముద్ర ఎప్పుడు విప్పాలి? అది పక్షులు చెప్పాలి.

ఉత్తరాన కొండల మీద వాన కురిస్తే, అక్కడి క్రౌంచ పక్షులు లేచి లోయ మీదుగా దక్షిణానికి పోతాయి. అవి పోయిన కొద్ది రోజులకే లోయలోకి వరద వస్తుంది. రెండు గదులూ నిండుతాయి. అందుకని క్రౌంచాలు కనబడితే చాలు, పాత నీళ్లు దాచుకోనక్కరలేదు. ముద్ర విప్పేవారు. స్నానాలు చేసేవారు. మేకలకు తొట్లు నింపేవారు. ముసలివాళ్లు కూడా ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకునేవారు.

గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన రాయి ఒకటుంది. దాన్ని చూపురాయి అనేవారు. రోజూ తెల్లవారేసరికి ఒక సన్యాసిని దాని మీద కూర్చుని పక్షులను చూసేది. ఎండ లోయ అడుక్కి దిగేదాకా చూసేది. తర్వాత గంజి పోయకముందే అందరి ఎదుటా నిలబడి, చూసింది చెప్పేది. ఆమె చెప్పనిదే ఎవరూ గంజి ముట్టేవారు కాదు.

ఎలా చెప్పాలో దానికీ నియమం ఉంది. చూసింది చూశానని చెప్పు. చూడనిది చూడలేదని చెప్పు. ఊహించింది ఊహ అని చెప్పు. మూడూ చిన్న మాటలే. మనిషికి వాటికంటే బరువైనవి లేవు.

ఆ ఏడు చూపురాయి వంతు వకుళ అనే ఆమెది. నడివయసు మనిషి. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేది. మాట తక్కువ. కానీ ఆమెకో జబ్బుండేది. ఏది చూసినా, "ఇదెందుకిలా ఉంది?" అనుకునేది. చీమల బారు కనబడితే దాని కొస దొరికేదాకా వెంట పోయేది.

ఆమెకు ముందు కూర్చున్న వాళ్లంతా ఒకే తీరున చెప్పేవారు. "క్రౌంచాలు రాలేదు. గద్ద కనబడింది. మిగతావి పిట్టలు." అంతే. ముందునుంచీ వస్తున్న మాట అది. వకుళకు ఆ మిగతా అన్న మాట గొంతు దిగేది కాదు.

"క్రౌంచాలు రాలేదు," అని మొదలుపెట్టేది. "బొంతకాకులు జంటగా తిరుగుతున్నాయి. గువ్వలు తూర్పు గోడ పగుళ్లలో పుల్లలు పేరుస్తున్నాయి. ఇసుక పిట్టలు మాత్రం..."

వంటశాల చూసుకునే నందిక గరిటె ఊపుతూ అడ్డుపడేది. "అక్కా, గంజి చల్లారిపోతోంది. ఇసుక పిట్టల పెళ్లి ముచ్చట రేపు చెబుదువుగానిలే."

అందరూ నవ్వేవారు. వకుళా నవ్వేది. మర్నాడు మళ్లీ ఇసుక పిట్టల దగ్గరికే వచ్చేది.

ఇసుక పిట్ట పావురమంత ఉంటుంది. రంగు ఇసుక రంగే. కూర్చుంటే రాయో పిట్టో తెలియదు. దానికి పాట లేదు, సోకు లేదు. క్రౌంచాల కోసం ఆకాశం వైపు మెడలెత్తిన వాళ్లకు కాళ్ల దగ్గర తిరిగే ఇసుక పిట్ట ఎలా కనబడుతుంది?

ఆ ఏడు క్రౌంచాలు రావలసిన రోజులు వచ్చాయి, పోయాయి. క్రౌంచాలు రాలేదు. లోయ అడుగున మడుగులు ఎండి, బురద కుండపెంకుల్లా పగిలింది. మొదటి గదిలో మోకాలిలోతు నీళ్లు చీలమండకు దిగాయి. ఆరామానికి పెద్ద ఉత్పల. అందరూ ఆమెను పెద్దమ్మా అని పిలిచేవారు. పెద్దమ్మ తానే ముంత పట్టుకుని మనిషికింత అని నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఆమెకూ అంతే.

అలాంటి ఒక ఉదయం వకుళకు వింత సంగతి కనబడింది.

చూపురాయికి కాస్త కిందగా, రాళ్ల సందున, ఇసుక పిట్టల జంట ఒకటి పిల్లల్ని లేపింది. పిల్లలకింకా రెక్కలు రాలేదు. తండ్రి పిట్ట ఎటో వెళ్లి, ఎండ ముదరకముందే తిరిగొచ్చి, కావలివాడిలా నిటారుగా నిలబడింది. పిల్లలు పరుగెత్తుకొచ్చి దాని రొమ్ము ఈకల్లో ముక్కులు దూర్చాయి. జుర్రుతున్నట్టే ఉంది.

"పాలా?" అనుకుంది వకుళ. వెంటనే తనకు తానే నవ్వుకుంది. పిట్టకు పాలేమిటి? అందులోనూ తండ్రి పిట్టకు?

తన పని అయ్యాక కిందికి దిగి, తండ్రి పిట్ట నిలబడిన రాయిని వేలితో తాకింది. రాయి మీద గోరంత మరక. వేలికి చల్లగా తగిలింది.

తడి!

ఆ మాటే అందరి ఎదుటా చెప్పింది. నందిక ఊరుకుంటుందా? "పాపం, పిట్టకు చెమట పట్టి ఉంటుందక్కా. రేపు విసనకర్ర పట్టుకెళ్లు."

"పిట్టకు చెమట పట్టదు, నందికా."

"నువ్వు తుడిచి చూశావా ఏమిటి?"

నవ్వులు ఆగాక పెద్దమ్మ అడిగింది. "వకుళా, ఇందులో చూసిందెంత? ఊహ ఎంత?"

"చూసింది తడి, పెద్దమ్మా. నీళ్లన్నది ఊహ."

"ఎక్కడి నీళ్లు?"

"ఊహించడానికైనా ఇంకా చాలినంత చూడలేదు."

"అయితే చూడు," అంది పెద్దమ్మ.

వకుళ చూసింది. ఇసుక పిట్టలు పొద్దు పొడుస్తుండగానే బయల్దేరుతున్నాయి. పొడిగొంతు వైపు పోతున్నాయి. తిరిగి అటునుంచే వస్తున్నాయి. పొడిగొంతు అంటే పెద్ద లోయకు పక్కగా చీలిన సన్న లోయ. అక్కడ గడ్డిపోచ మొలవదు. మేకలు కూడా అటు తల తిప్పవు. మొదటి వంపు దాటాక పిట్టలు ఎటు పోయేదీ చూపురాయి మీదికి కనబడదు. వెంట వెళ్దామంటే అవి ఎగిరే వేళే ఆమె రాయి మీద కూర్చోవలసిన వేళ. రాయి విడిచి పోకూడదు. అలా రోజూ తడి రొమ్ము పిట్ట వస్తూనే ఉంది. వకుళ మనసు దాని వెంట సగం దూరం పోయి తిరిగొస్తూనే ఉంది.

ఈలోగా దాహం పెరిగింది. దాహం పెరిగిన చోట అబద్ధానికి ఆకలి పుడుతుంది.

ముందుగా వచ్చింది నందికే. ఆ రోజు ఆమె ముఖంలో వేళాకోళం లేదు.

"అక్కా, మేకల వాళ్ల కోడలికి పాలు ఎండిపోయాయి. పసివాడు ఏడవడం కూడా మానేశాడు. నోరు తెరుస్తాడు, గొంతు రాదు. రేపు ఒక్క మాటనక్కా. క్రౌంచాలు వచ్చాయను. ముద్ర విప్పుతారు. ఎలాగూ ఇవాళో రేపో అవి వచ్చేవేగా?"

వకుళ లేచి లోపలికి వెళ్లింది. తన ముంత తెచ్చి నందిక చేతిలో పెట్టింది. "ఇది నా వంతు. పసివాడికి పట్టు. రేపటిదీ పట్టు."

"ఇది ఏపాటి, అక్కా?"

"నా దగ్గరున్నది ఇదే, నందికా. చూడనిది చూశాననే మాట నా దగ్గర లేదు. అవి రాకపోతే? నా మాట నమ్మి అందరం దారి నీళ్లు తాగేస్తే? అదే పసివాణ్ణి చంకనేసుకుని ఆ తల్లి ఏ నీళ్లతో ఎడారి దాటుతుంది?"

నందిక కళ్లు తుడుచుకుని, ముంత పట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత పిట్టల మీద వేళాకోళం ఆడలేదు.

రెండోవాడు ధనగుప్తుడు. వర్తకుడు, బిడారు నాయకుడు. దారిలో బావులన్నీ ఎండిపోగా, ఒంటెలతో ఆరామానికి వచ్చి చిక్కుకుపోయాడు. మనిషి బొద్దుగా ఉండేవాడు. చేతిలో ఎప్పుడూ పక్షి ఈకల విసనకర్ర. ఒకరోజు చూపురాయి కిందికి వచ్చి, రెండు చేతులా పొడవాటి తెల్లటి ఈకను పైకెత్తాడు.

"తల్లీ, శుభవార్త! లోయ మలుపులో దొరికింది. క్రౌంచపు ఈక! వచ్చాయి, పోయాయి. నువ్వు కునుకు తీస్తుంటే పోయి ఉంటాయి. ఫరవాలేదులే, ఎవరికీ చెప్పను. వచ్చాయని ఒక్క మాటను. నీ రాయి మీద చలువ పందిరి వేయిస్తాను. పట్టు పరుపు వేయిస్తాను."

వకుళ ఈకను అటూ ఇటూ తిప్పి చూసింది. "క్రౌంచపు ఈకే, నాయనా."

"చూశావా మరి!"

"ఈకను చూశాను. అది చెబుతాను."

మర్నాడు అందరి ఎదుటా నిలబడి చెప్పింది. "క్రౌంచాలు రాలేదు. క్రౌంచపు ఈక ఒకటి ధనగుప్తుల వారి చేతిలో చూశాను. ఈక మొదట్లో జిగురు ఉంది. వారి విసనకర్రలో ఒక ఈక ఖాళీ కూడా చూశాను. అంతవరకే చూశాను."

వర్తకుడు విసనకర్రను వీపు వెనక్కి దాచుకున్నాడు. కానీ చూడవలసిన వాళ్లంతా అప్పటికే చూశారు. చాలా రోజుల తర్వాత ఆ ఎండిన నోళ్లు కాసేపు నవ్వాయి.

మూడోవాడు రాజు. పేరు వీరకేతు. పొరుగు దేశాన్ని గెలిచి, కొద్దిపాటి సైన్యంతో ఇంటికి పోతూ, నీళ్ల కోసం లోయలోకి దిగాడు. యుద్ధం గెలిచినవాణ్ణి దాహం గెలిచింది. గుర్రం దిగి, రెండో గది సంగతి వినీవినగానే, "ఆ ముద్ర పగలగొట్టండి," అన్నాడు.

పెద్దమ్మ రాతి తలుపుకు అడ్డంగా నిలబడింది. "మహారాజా, మీ కత్తికి తలుపు తెరుచుకుంటుంది. వరద మీ కత్తికి రాదు. ఇవి తాగేస్తే మీ సైన్యం ఎడారిలో ఎముకలవుతుంది. మేమూ అవుతాం. క్రౌంచాలు కనబడనివ్వండి."

రాజు కోపిష్టి గాని మూర్ఖుడు కాడు. ఎడారి ఎలాంటిదో అప్పుడే చూసి వచ్చాడు. "సరే. రేపు ఉదయం నా ఎదుటే చూడమనండి," అన్నాడు.

మర్నాడు పొద్దు పొడిచేసరికి చూపురాయి కింద అందరూ చేరారు. రాజు, సైనికులు, వర్తకుడు, మేకలవాళ్లు, సన్యాసినులు. రాతి తలుపు దగ్గర ఒక సైనికుడు సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. అందరి తలలూ పైకే.

అప్పుడు గోడ అంచు మీదుగా, ఆకాశంలోకి, తెల్లటి పక్షులు వచ్చాయి. పెద్ద రెక్కలు. ఎండలో మెరుస్తున్నాయి.

"క్రౌంచాలు!" అని ఎవరో అరిచారు. "వచ్చాయి! వచ్చాయి!" అని లోయంతా అరిచింది. మేకలవాళ్ల కోడలు పిల్లవాణ్ణి పైకెత్తి చూపింది. వర్తకుడు రాజు కాళ్ల మీద పడ్డాడు. రాజు చెయ్యెత్తాడు. సుత్తి లేచింది.

వకుళ గుండె కూడా అందరి గుండెల్లాగే ఎగిరింది. ఆమె నాలుక మీదా తడి లేదు. "అవే, అవే," అంది మనసు. కానీ ఇన్నాళ్లు నియమంలో ఉన్న కళ్లు మనసు మాట వినలేదు.

"క్రౌంచాలు రాలేదు," అంది వకుళ.

అరుపులు ఆగిపోయాయి.

"కళ్లు పోయాయా నీకు?" అన్నాడు వర్తకుడు. "అంత తెల్లగా కనబడుతుంటే!"

"తెల్లగానే ఉన్నాయి నాయనా. కానీ చూడండి. క్రౌంచం మెడ ముందుకు చాచి పోతుంది. వీటికి మెడే కనబడటం లేదు. క్రౌంచం రెక్క కొడుతుంది. ఇవి కొట్టడం లేదు, గాలి మీద పడుకున్నాయి. క్రౌంచాలు అరుచుకుంటూ పోతాయి. వీటికి చప్పుడే లేదు. ఇవి తెల్ల రాబందులు. ఎక్కడికీ పోవడం లేదు. మన మీదే తిరుగుతున్నాయి."

అందరూ మళ్లీ చూశారు. ఈసారి కళ్లతో చూశారు. నిజమే.

రాజు గొంతు తగ్గింది. "మన మీదే ఎందుకు తిరుగుతున్నాయి?"

"అది చూస్తే తెలిసేది కాదు, మహారాజా. ఊహ చెప్పమంటారా?"

"వద్దు," అన్నాడు రాజు. సుత్తి కిందికి దిగింది.

రాజు రాయి మీద కూలబడి తల పట్టుకున్నాడు. "రోజూ చూస్తున్నావు గదా అమ్మా. పనికొచ్చేదేదైనా చూశావా?"

వకుళ ఇసుక పిట్ట సంగతి చెప్పింది. తండ్రి పిట్ట రొమ్ము, పిల్లలు ఈకలు జుర్రడం, రాయి మీద తడి, పొడిగొంతు. "ఇంతవరకు చూసింది," అంది. "ఇక ఊహ. పొడిగొంతులో ఎక్కడో నీళ్లున్నాయి."

మేకలవాళ్ల ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "పొడిగొంతులోనా? మా తాత చూడలేదు, వాళ్ల తాత చూడలేదు. అది పేరు పెట్టి మరీ ఎండబెట్టిన చోటు తల్లీ."

"మీ తాతలు అక్కడ నీళ్లు చూశారో లేదో నాకు తెలియదు మామయ్యా. పిట్ట తడిగా వస్తోంది. అది నేను చూశాను."

"ఊహ తప్పయితే?" అన్నాడు రాజు.

"తప్పయితే నా నడక దండగ. రెండో గది నీళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ మహారాజా, నాకున్నవి రెండే కళ్లు. పొడిగొంతుకు వంపులు చాలా ఉన్నాయి. పిట్టల వెంట మనిషి పరుగెత్తలేడు. వంపుకొక మనిషి నిలబడితే, పిట్ట ఎటు తిరిగిందో ఒకరి నుంచి ఒకరికి తెలుస్తుంది. మనుషులు మీ దగ్గరున్నారు."

రాజు తల ఎత్తాడు. "నా సైన్యాన్ని పిట్టల్ని చూడమంటావా?"

"కత్తులు ఇక్కడే వదిలి రమ్మంటాను. మెరిస్తే పిట్టలు బెదురుతాయి."

రాజు పక్కున నవ్వాడు. అంత నవ్వు నవ్వడానికి నోట్లో తడి లేక దగ్గాడు. "కానివ్వండి," అన్నాడు.

"మరి చూపురాయి?" అంది వకుళ పెద్దమ్మ వైపు తిరిగి.

"నేను కూర్చుంటాను. నాకింకా కళ్లున్నాయి," అంది పెద్దమ్మ.

మర్నాడు చీకటి విడుతుండగానే పొడిగొంతు పొడవునా, వంపు వంపుకూ ఒక సైనికుడు నిలబడ్డాడు. రాజ్యాలు గెలిచిన వీరులు నోళ్లు తెరుచుకుని ఆకాశం చూస్తున్నారు. వకుళ ఒక్కొక్కరికీ మూడు మాటల నియమం చెప్పింది. కొందరు మీసాల చాటున నవ్వుకున్నారు.

పొద్దు పొడిచింది. ఇసుక పిట్టలు రివ్వున వచ్చాయి. మొదటి వంపు వాడు చెయ్యి ఎడమకు చాచాడు. తర్వాతి వాడు తన తల మీదుగా పోయాయని చూపాడు. ఆ తర్వాత చండసేనుడు. పెద్ద మీసాల దండనాయకుడు. అతడు గంతులేశాడు. "ఇక్కడే! నా ముందే దిగాయి! నేను చూశాను!"

అందరూ పరుగెత్తారు. అతడి ముందున్న ఇసుకను చేతులతో తోడారు. డాళ్లతో తోడారు. తోడేకొద్దీ వేడి ఇసుక. ఎండ నడినెత్తికొచ్చింది. ఒకడు సొమ్మసిల్లి పడిపోయాడు. చుక్క లేదు.

వకుళ చండసేనుడి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "బాబూ, దిగడం చూశావా? రాయి చాటుకు పోవడం చూశావా?"

చండసేనుడు మీసం తిప్పాడు. మళ్లీ తిప్పాడు. "చాటుకు పోయాయి తల్లీ. అక్కడే దిగి ఉంటాయనుకున్నాను."

"ఏ చాటుకు?"

"గంతులేశాను గదా. అది సరిగా చూడలేదు."

రాజు చెయ్యి కత్తి కోసం ఒర మీదికి పోయింది. ఒర ఖాళీగా ఉంది. వకుళ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు మహారాజా. ఊహించడం తప్పు కాదు. ఊహకు చూపు వేషం కట్టడం తప్పు. నిన్న ఉదయం లోయంతా ఆ తప్పే చేసింది."

రాజు చెయ్యి దించాడు. సుత్తికి సైగ చేసిన చెయ్యి కూడా అదే.

ఇసుక పిట్టలు ఉదయం పూటే ఎగురుతాయి. ఒక్క తొందర మాటకు ఒక రోజు పోయింది. ఆ సాయంత్రం పెద్దమ్మ ముంత మొదటి గది అడుగు గీరింది. ఒక ఒంటె మోకాళ్ల మీద పడి మళ్లీ లేవలేదు. మేకలవాళ్ల పసివాడు కళ్లు తెరవలేదు. నందిక తడిగుడ్డతో వాడి పెదవులు అద్దుతూ కూర్చుంది. మరో రోజు పోతే, దారి నీళ్లు తీసుకుని బయల్దేరాలి. ఆ పసివాడు దారి పట్టే స్థితిలో లేడని అందరికీ తెలుసు.

మళ్లీ తెల్లవారింది. మళ్లీ వంపు వంపుకూ మనిషి. చండసేనుడు అదే వంపు అడిగి మరీ తీసుకున్నాడు. పిట్టలు వచ్చాయి. మొదటివాడు ఎడమకు చూపాడు. రెండోవాడు తల మీదుగా అన్నాడు. వకుళ చండసేనుడి దగ్గర ఆగింది.

ఈసారి అతడు గంతులేయలేదు. "ఆ పెద్ద బండ చాటుకు పోయేదాకా చూశాను తల్లీ. తర్వాత చూడలేదు. బండ అడ్డం వచ్చింది."

వకుళ అతడి తర్వాతి వంపులో ఉన్నవాడి దగ్గరికి పోయింది. "నా మీదుగా ఒక్క పిట్ట కూడా పోలేదమ్మా," అన్నాడు వాడు సిగ్గుపడుతూ. "నాకు చెప్పడానికేమీ లేదు."

వకుళ ముఖం విచ్చుకుంది. "అన్నిటికంటే పెద్ద మాట నువ్వే చెప్పావు నాయనా! బండ దాకా వచ్చినవి బండ దాటి నీ దాకా రాలేదు. అంటే?"

"బండ చాటునే ఉన్నాయి!" అన్నాడు రాజు, బడిపిల్లవాడిలా.

"ఊహ," అంది వకుళ. "పదండి చూద్దాం."

బండ వెనక రాతి గోడ నేల దగ్గర చీలి ఉంది. నిలబడితే కనబడదు. వంగితేనే కనబడుతుంది. పిట్టలు ఆ చీలికలోకి ఎగిరి పోవడం లేదు, నడిచి పోతున్నాయి. ఇన్ని తరాలుగా ఆకాశం చూసినవాళ్లలో ఒక్కరూ అక్కడ వంగలేదు.

వకుళ బోర్లా పడుకుని లోపలికి పాకింది. వెనక రాజు పాకాడు. కిరీటం చీలికలో ఇరుక్కుంటే తీసి బయటే పెట్టాడు.

లోపల చల్లటి చీకటి. పైకప్పు పగులులోంచి సన్నటి వెలుతురు. కింద గుహ నిండా నీళ్లు. నీళ్లలో, రొమ్ములోతున, ఇసుక పిట్టలు. తండ్రి పిట్టలు ఉయ్యాల ఊగినట్టు ముందుకూ వెనక్కూ ఊగుతూ, రొమ్ము ఈకలు నానబెట్టుకుంటున్నాయి.

రాజు దోసిలి చాచాడు. వకుళ అతడి మోచెయ్యి పట్టుకుంది. "మహారాజా, మీరు దిగితే అవి బెదిరిపోతాయి. వాటి పిల్లలూ మన పసివాడిలాగే నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటిని నింపుకొని పోనివ్వండి."

దాహంతో ఉన్న రాజు నీళ్ల ఒడ్డున, దోసిలి ఖాళీగా పట్టుకుని, పిట్టలు పోయేదాకా కూర్చున్నాడు. అతడు గెలిచిన యుద్ధాలన్నిటిలో అది కష్టమైనది.

తొలి ముంత నందికకు అందింది. ఆమె పరుగు చూసి ఒంటెలు కూడా తల తిప్పాయి. కాసేపటికి లోయలోంచి పసివాడి ఏడుపు వినబడింది. గట్టిగా, గుక్క తిప్పుకోకుండా. ఆ ఏడుపు విని లోయలో అందరూ నవ్వారు. కొందరు ఏడ్చారు.

ఆ రోజు నుంచి గుహ నీళ్లు ఆరామానికి మోశారు. ఉదయం పూట పిట్టలది, తర్వాత మనుషులది అని పెద్దమ్మ కట్టడి చేసింది. ఒంటెలు లేచాయి, గుర్రాలు లేచాయి. తిత్తులు నిండాయి. వర్తకుడు బయల్దేరే ముందు వచ్చి, తలవంచుకుని, విసనకర్ర పెద్దమ్మ కాళ్ల దగ్గర పెట్టిపోయాడు.

రాజు వకుళను పిలిచాడు. "అమ్మా, నా కొలువుకు రా. నాకు నచ్చేది చెప్పేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. ఉన్నది చెప్పేవాళ్లు లేరు."

"చూపురాయి ఖాళీగా ఉండకూడదు మహారాజా," అంది వకుళ. "అయినా మీ దగ్గర మనిషి లేకపోలేదు. చండసేనుణ్ణి దగ్గర పెట్టుకోండి. చూడలేదని నలుగురిలో చెప్పడం నేర్చుకున్నాడు. మళ్లీ నేర్పనక్కరలేదు."

చండసేనుడు ఈసారి మీసం తిప్పలేదు. కళ్లు దించుకుని నమస్కరించాడు.

ఇక క్రౌంచాల సంగతి అడుగుతారా? ఆ ఏడు క్రౌంచాలు రానే లేదు. వరదా రాలేదు. వకుళ నందిక మాటకు జాలిపడో, వర్తకుడి పందిరికి ఆశపడో, రాజుకు భయపడో ఒక్క మాట తప్పి ఉంటే, దారి నీళ్లు ఆ రోజే అయిపోయేవి. తెల్ల రాబందులు లోయలోకి దిగేవి. దారి నీళ్ల గది ముద్ర చెక్కుచెదరలేదు. పసివాడు పాకడం నేర్చాడు, తర్వాత నిలబడటం నేర్చాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, వినండి: అల్పమని దేనినీ చూడకుండా విడవరాదు, ఆశపడి చూడనిదాన్ని చూశాననరాదు, నిజం చెప్పే ఒక్క నోరు నలుగురి గొంతులు తడుపుతుంది.